మెరకన ఒకరు

కన్నారావుకు గొంతు పెద్దది. దీవుల మధ్య తిరిగే సర్కారు బోట్ల మీద బతుకంతా గడిపి, చివరికి బోటు నడిపే సారంగుగా రిటైరైన మనిషి. ఇంజను మోతను మించి అరవడం అలవాటైపోయి, ఇంట్లో ఉప్పు అడిగినా డిగ్నాబాద్ ఏటవాలు వీధి చివరిదాకా వినబడుతుంది. ఆ గొంతుతో ఆయన చెప్పుకునేవన్నీ గొప్పలే. వీధిలో వాళ్ళకు అవన్నీ కంఠతా వచ్చు. అయినా పాపం, విన్నట్టు నటిస్తారు.

ఆ గొప్పల్లో పెద్దది ఈత. తెల్లారేసరికి స్కూటరు మీద కార్బిన్స్ కోవ్ బీచికి వెళ్ళి, మొసళ్ళు రాకుండా కట్టిన వల లోపల గంటసేపు నీళ్ళలో ఉండి, ఉప్పు ఆరిన ఒంటితో ఇంటికొస్తే గానీ టీ ముట్టడు. ఈదడమంటే ఊరికే ఈదడం కాదు. వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ తలకింద పెట్టుకుని, కాలి బొటనవేళ్ళు పైకి తేల్చి, నులకమంచం మీద వాలినట్టు వాలతాడు. అలా వాలి పక్కన ఈదే టూరిస్టులకు సునామీ కథ చెబుతాడు. కొడుకు గోపినాథ్ కూడా ఓడ ఉద్యోగే. నికోబార్ సర్వీసు నుంచి దిగి ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ తండ్రీకొడుకులు కలిసే వెళ్తారు. వల దాకా పందెం వేసుకుంటారు. కొడుకు గెలుస్తాడు, తండ్రి ఒప్పుకోడు. కన్నారావుకు ఏడాదిలో పండగలంటే నిజానికి ఆ రోజులే.

అలాంటి మనిషికి దొరికిన భార్య గవరమ్మ. సిక్కోలు తీరం నుంచి తాతల నాడు వచ్చిన చేపల వేట కుటుంబం. ఈ దీవిలోనే పుట్టింది, ఇక్కడే పెరిగింది. అయినా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ సముద్రంలో పాదం తడుపుకోవడమే తప్ప అంతకు మించి దిగడం ఎవరూ చూడలేదు. అందరూ కోవ్‌కి వెళ్ళిన రోజున కూడా ఒడ్డున చెప్పులకు కాపలా కూర్చునేది. నీళ్ళెక్కని ఎత్తు నేలను మెరక అంటారు కదా, కన్నారావు ఆవిడకు మెరకమ్మ అని పేరు పెట్టేశాడు. బోటులో చెప్పాడు, బంధువుల్లో చెప్పాడు, కొత్తగా కాపురానికొచ్చిన కోడలు రాధికకు మొదటిరోజే చెప్పాడు. "బెస్తోళ్ళ పిల్ల, నీళ్ళంటే చచ్చేంత భయం. మా మెరకమ్మ." గవరమ్మ నవ్వేది. నవ్వి, ఎవరి కంచంలో ఏం కావాలో చూసుకునేది.

నిరుడు వానాకాలంలో ఆవిడ మోకాళ్ళు పట్టేశాయి. మొదట పీట మీంచి లేవలేకపోయింది, తర్వాత వీధిలోకి దిగలేకపోయింది. డిగ్నాబాద్‌లో ఇల్లంటే మెట్లు ఎక్కాలి, మార్కెట్టంటే మెట్లు దిగాలి. ఆవిడ లోకం వరండాకు కుదించుకుపోయింది. కర్ర ఊతంతో వంటింటికీ వరండాకీ తిరిగేది. నొప్పిగా ఉందా అంటే, "ఏటో, వయసు కదా" అనేది.

ఒకరోజు కన్నారావు కోవ్ నుంచి కాస్త ముందుగా వచ్చాడు. వీధి మలుపు దగ్గర స్కూటరు ఆపి పైకి చూస్తే, గవరమ్మ ఇంటి ముందు మెట్లు దిగుతోంది. నిలబడి కాదు. చంటిపిల్లలు దిగినట్టు ఒక్కో మెట్టు మీదా కూర్చుని, చేతులు ఆనించి, కిందికి జరుగుతోంది. చేపల బుట్టాయన కింద నిలబడి ఉన్నాడు. ఎవరూ చూడటం లేదనుకుంది కాబోలు, మొహంలో ఏ దాపరికమూ లేదు. కన్నారావు స్కూటరు తిప్పుకుని బజారుకు వెళ్ళిపోయి, ఒక టీ తాగి, మెల్లగా ఇంటికి వచ్చాడు. జీవితంలో మొదటిసారి, చూసింది ఎవరికీ చెప్పలేదు.

ఆ వారంలోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ మోకాళ్ళు వంచి చూసి, ఎక్స్‌రేలు తీయించి, మెల్లగా చెప్పింది. నేల మీద నడిస్తే బరువంతా కీళ్ళ మీద పడుతుంది, నీళ్ళలో పడదు. నడుము లోతు నీళ్ళలో రోజూ కాసేపు నడవాలి. కొన్ని నెలలు అలా నడిస్తే కండ గట్టిపడి మళ్ళీ మెట్లెక్కొచ్చు. లేదంటే చెన్నై పోయి ఆపరేషన్ చేయించుకోవాలి, ఈవిడ గుండెకు అది మంచిది కాదు. అదీ విషయం.

నీళ్ళు అనేసరికి కన్నారావుకు ప్రాణం లేచొచ్చింది. తన సొంత ఇలాకా కదా. "ఇంతేనా డాక్టరుగారూ? నీళ్ళకి కరువా మనకి? చుట్టూ అదే" అన్నాడు. సముద్రం వద్దంది డాక్టరమ్మ. అల కొడితే పడిపోతుంది, అడుగున రాళ్ళుంటాయి. స్టేడియం దగ్గర స్విమ్మింగ్ పూల్ ఉంది కదా, నాలుగింటికి ఆడవాళ్ళ బ్యాచ్ ఉంటుంది, అక్కడ నడిపించమంది.

కన్నారావుకు పూల్ అంటే చులకన. సముద్రం నడిమధ్యన కూర్చుని తొట్టెలో ఈదేవాడికి సిగ్గుండాలని ఇన్నాళ్ళూ తిట్టిన నోరే అది. ఆ నోరు మూసుకుని మర్నాడే పోయి గవరమ్మ పేరు రాయించి వచ్చాడు. కోడలు రాధిక బడిలో టీచరు. బడి అయ్యాక ఎప్పటినుంచో ఆ బ్యాచ్‌కే వెళ్తోంది, నీళ్ళలో దిగితే చేపపిల్లే. అత్తకు తోడు తనే ఉంటానంది.

గవరమ్మ రమ్మంటే వచ్చింది. పూల్ గట్టు మీద, లోతు తక్కువ వైపు మెట్ల దగ్గర సిమెంటు బల్ల ఉంది. దాని మీద కూర్చుంది. కూర్చుని, లేవనంది.

"కోకతో దిగనివ్వరట కదా" అంది.

కన్నారావు బజారుకెళ్ళి, పొడుగు చేతుల నైలాను చొక్కా, పాదాల దాకా ఉండే లెగ్గింగ్ కొనుక్కొచ్చాడు. గవరమ్మ దాన్ని తడిమి చూసి, "బాగానే ఉన్నాది" అని మడిచి సంచిలో పెట్టింది.

తర్వాతి రోజు, "మన వీధిలో కుళాయి రోజు విడిచి రోజు వస్తాది. ఇక్కడ ఇన్ని నీళ్ళు పోసి ఈదుతారా? పాపం కాదేటి?" అంది.

"నువ్వు దిగకపోతే ఆ నీళ్ళు మన బిందెలోకి రావు కదే" అన్నాడు కన్నారావు.

ఆ తర్వాత జలుబన్నది, ఆ తర్వాత శుక్రవారమన్నది. పూల్‌లో ఈత నేర్పే లహరి ఆస్టినాబాద్ పిల్ల, నవ్వుమొహం. రోజూ వచ్చి చెయ్యి పట్టుకునేది. "ఆంటీ, బస్ ఏక్ స్టెప్. ఒక్క మెట్టు దిగండి చాలు. నేను పట్టుకుంటా." గవరమ్మ ఆ పిల్ల చెయ్యి నిమిరి, "రేపు దిగుతాలేమ్మా" అనేది. రెండు వారాలు గడిచాయి. రాధిక బతిమాలి విసిగిపోయింది. ఇంట్లో మెట్ల మీద కూర్చుని దిగడం మాత్రం ఆగలేదు.

ఇదంతా భయమేనని కన్నారావుకు గట్టి నమ్మకం. భయం పోగొట్టాలంటే ఎదురుగా చేసి చూపించాలి. అంతకంటే సులువైన పని తనకు ఇంకోటి ఏముంది? ఆడవాళ్ళ బ్యాచ్‌కు ముందు మూడింటికి అందరూ దిగే బ్యాచ్ ఉంది. ఆ రోజు గవరమ్మను ముందుగానే తీసుకొచ్చి బల్ల మీద కూర్చోబెట్టి, తను నిక్కరు బిగించి నీళ్ళలోకి దూకాడు.

ఈతలో తేడా ఏమీ తెలియలేదు. అటు కొస దాకా పోయి తిరిగొచ్చాడు. గవరమ్మకు నాలుగు బారల దూరంలో, గుండె లోతు నీళ్ళలో ఆగి, అందరికీ వినబడేలా, "సూడవే మెరకమ్మా. మంచమే అనుకో. పడుకుంటే అదే మోస్తాది" అన్నాడు. అని, అలవాటుగా వెల్లకిలా వాలి, చేతులు తలకింద పెట్టుకుని, నోరు తెరిచి ఇంకో మాటేదో మొదలుపెట్టాడు.

మంచం లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఉప్పునీళ్ళలో తేలడమే తప్ప మంచినీళ్ళలో ఏనాడూ వాలని మనిషి. సముద్రంలో ఉప్పు మోస్తుందని, ఇక్కడ ఆ మోసేది లేదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాడు కాదనుకోండి. నడుము కిందికి జారింది, తల మునిగింది, తెరిచిన నోట్లోకి నీళ్ళు పోయాయి. కాళ్ళు ఆనించి నిలబడితే గుండె దాకానే నీళ్ళు. కానీ ఊపిరి గొంతులో ఆగిపోయినవాడికి నేల ఎటుందో తెలియదు. చేతులు కొట్టుకున్నాడు. లేచాడు, దగ్గాడు, మళ్ళీ మునిగాడు.

ఆ లేచిన క్షణంలో గవరమ్మ కనబడింది. కర్ర ఎక్కడో పడిపోయింది. ఆ మోకాళ్ళతో ఎలా వచ్చిందో, మెట్ల అంచున నిలబడి ఉంది. కుడికాలు ఎత్తింది. ఎత్తిన కాలు నీళ్ళ మీద అలాగే ఆగింది. మళ్ళీ వెనక్కి, గట్టు మీద పెట్టేసింది. కళ్ళు మాత్రం ఆయన మీదే ఉన్నాయి.

లహరి పొడుగాటి కర్ర అందించి లాగింది. "అంకుల్, ఇది సముందర్ కాదు. మీఠా పానీ. ఇందులో ఊరికే పడుకుంటే బాడీ కిందకే పోతుంది" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు ముందు కంగారుపడి, తర్వాత నవ్వారు. ఎవరో భయ్యా, చాయ్ తెప్పించనా అన్నారు.

కన్నారావుకు ఆ నవ్వులు పట్టలేదు. గట్టు మీద కూర్చుని, ముక్కులోంచి నీళ్ళు కారుతుండగా, భార్య వైపు చూశాడు. "నాను మునిగిపోతన్నా ఒక్క మెట్టు దిగలేవేటి?" అన్నాడు. ఈసారి గొంతు పెద్దగా లేదు. ఆ మాట ఆయనకే కొత్తగా వినబడింది.

గవరమ్మ లహరి తెచ్చిచ్చిన ఊతకర్ర అందుకుని గేటు వైపు నడిచింది.

ఇంటికి వెళ్తుంటే దారిలో వాన పట్టుకుంది. ఆ దీవుల వాన సంగతి తెలిసిందే కదా, చెప్పి రాదు. స్కూటరు గాంధీ పార్కు దగ్గర ఆపి, ఇద్దరూ లోపల రేకుల పందిరి కింద కూర్చున్నారు. ఎదురుగా పిల్లల జారుడుబల్ల మీంచి నీళ్ళు జారిపోతున్నాయి. పార్కులో మరో మనిషి లేడు.

గవరమ్మే మొదలుపెట్టింది. "ఒక కాలు నీకోసం ఎత్తాను మావా. రెండోది గోపీ కోసం ఆగిపోయింది."

కన్నారావుకు అర్థం కాలేదు. "ఆడికేటి? ఆడు ఓడ మీదున్నాడు కదా" అన్నాడు.

"అందుకే."

అప్పుడు చెప్పింది. పెళ్ళినాడు వాళ్ళమ్మ పెరట్లోకి పిలిచి, చేతిలో గుప్పెడు పొడిమన్ను పెట్టి చెప్పిన మాట అది. ఇంటి మగాడు నీళ్ళ మీద బతికేవాడైతే, వాడి పేరు చెప్పి ఇంట్లో ఒకరు మెరకన ఉండాలి. స్నానానికీ, పనికీ పోసుకునే నీళ్ళు వేరు. నిలబడితే మోకాలు దాటే నీళ్ళలో ఎక్కడా దిగకూడదు. అది సముద్రమైనా, చెరువైనా, తొట్టైనా. ఒడ్డున ఒకరు ఆగి ఉన్నారని తెలిస్తే నీళ్ళు మనిషిని తిరిగి పంపుతాయి. అమ్మ అలా ఉంది, అమ్మమ్మ అలా ఉంది. నీళ్ళ మీద తిరిగే మగాడికి ఆ సంగతి చెప్పకూడదు. చెబితే మాట వీగిపోతుంది.

"ఇన్నేళ్ళూ అందుకే దిగలేదా నువ్వు?" అన్నాడు కన్నారావు.

"నువ్వు బోటు మీదుంటే ఎలా దిగుతాను?"

"సెలవుల్లో ఇంట్లోనే ఉండేవాణ్ణి కదే."

"వచ్చినోడివి మళ్ళీ ఎల్లకపోవు కదా. కొలువు ఉన్నన్నాళ్ళూ నువ్వు నీళ్ళ మనిషివే."

"మరి ఇప్పుడెందుకు చెప్తన్నావు?"

"నువ్వు రిటైరైపోనావు. చెప్పొచ్చు. ఇప్పుడు ఉంటున్నది గోపీ కోసం."

కన్నారావుకు సునామీ గుర్తొచ్చింది. ఆనాడు తన బోటు నడిసంద్రంలో ఉంది. అల అడుగునుంచి వచ్చి, బోటును పిసరంత ఎత్తి, దించి, పోయింది. తీరంలో ఊళ్ళు కొట్టుకుపోయాయి. ఆ కథ ఆయన ఎన్నివందల సార్లు చెప్పాడో. తన చుక్కాని, తన ధైర్యం, తన లెక్క. ప్రతిసారీ గవరమ్మ పక్కనే ఉండి వినేది. ఒక్కనాడూ ఇందులో నాదీ కొంచెం ఉందని అనలేదు. మెరకమ్మ అంటే నవ్వేది.

"కోడలికి చెప్పొచ్చు కదే. పెళ్ళయ్యాక ఆడి బాధ్యత పెళ్ళానిది కదా, మీ అమ్మ లెక్కన" అన్నాడు.

"చెప్పాలనే అనుకున్నాను. ఆ పిల్ల వచ్చిన కొత్తలో అందరం కోవ్‌కి పోయాం కదా. నీళ్ళలోకి పరిగెత్తింది. దాని మొహం చూశాను." గవరమ్మ చీరచెంగుతో మొహం తుడుచుకుంది. "చెప్తే మానేస్తాది మావా. మంచిపిల్ల, నా మాటకి నవ్వకుండా మానేస్తాది. చెప్పడానికి నాకు నోరు రాలేదు. పోనీలే, నాకు ఎలాగూ అలవాటే కదా అనుకున్నాను."

వాన తగ్గింది. వాళ్ళిద్దరూ ఇంటికి వచ్చారు. గవరమ్మ మెట్ల దగ్గర ఆగితే, కన్నారావు స్కూటరు స్టాండు వేసి వచ్చి, ఆవిడ చంక కింద చెయ్యి వేసి, ఒక్కో మెట్టూ ఎక్కించాడు.

మర్నాడు తెల్లారింది. స్కూటరు కదల్లేదు. కన్నారావు వరండాలో కూర్చుని, స్నానం చేయకుండానే టీ అడిగాడు. రాధిక ఆశ్చర్యపోయి జ్వరమా మావయ్యా అంది. కాదన్నాడు. రెండో రోజూ అంతే. మూడో రోజు రాధిక బడికి వెళ్ళిపోయాక, గవరమ్మ కూర తరుగుతూ, "ఏటి నీ వాలకం? ఆ మునగడానికి గుండె జడిసిందా?" అని అడిగింది.

"నిన్నొకటి అడగాలి" అన్నాడు కన్నారావు. "ఇంట్లో ఒకరు ఉండాలని కదా మీ అమ్మ అంది. ఆడమనిషే ఉండాలని అందా?"

గవరమ్మ కత్తిపీట మీద చెయ్యి ఆపింది. "మగోళ్ళు ఎప్పుడు మెరకనున్నారని, ఆ మాట అనడానికి?"

"నానున్నాను కదా ఇప్పుడు."

ఆవిడకు అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక కత్తిపీట పక్కకు నెట్టింది. "వద్దు మావా" అంది. "నీకేటి తెలుసు, ఇది ఓ నెలకీ రెండు నెలలకీ అయ్యేది కాదు. ఆడు రిటైరయ్యేదాకా. అప్పటికి నువ్వుండవు, నానుండను."

"ఉన్నన్నాళ్ళు ఉంటాను."

"కోవ్‌కి ఎల్లకుండా? నువ్వా? గోపీ వస్తే ఆడితో కూడా దిగకుండా?"

అది కన్నారావు ఆలోచించని సంగతేమీ కాదు. ఈ మూడు రోజులూ తెల్లారుజామున మెలకువ వచ్చి, ఒళ్ళు ఉప్పునీళ్ళ కోసం లాగుతుంటే, పైకప్పు చూస్తూ ఆలోచించింది అదే. "ఇన్నేళ్ళు నువ్వున్నావు. నాకు తెలీకుండా ఉన్నావు. నాను నిన్ను పదిమందిలో ఎక్కిరిస్తంటే నవ్వుతా ఉన్నావు. ఇంక సాల్లేవే. నువ్వు దిగు" అన్నాడు.

గవరమ్మ ఏడ్చింది. మోకాళ్ళ నొప్పికి ఏడవని మనిషి, వంకాయ ముక్కలు ముందు పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. మగాడు ఈ మాట పట్టొచ్చో లేదో అడుగుదామంటే అమ్మ లేదు. చివరికి ముక్కు చీదుకుని, "అయితే పొడిమన్ను తే" అంది.

ఆ వానల్లో పొడిమన్ను ఎక్కడ దొరుకుతుంది? పెరడు బురద, కుండీలు బురద. కన్నారావు వొంగి వొంగి వెతికి, ఆఖరికి స్కూటరు రేకు కింద, గోడ వారనున్న ఇటుకలు జరిపి, పిల్లి గోకిన చోట గుప్పెడు దుమ్ము తెచ్చాడు. గవరమ్మ అది ఆయన దోసిట్లో పోసి, పైన తన చెయ్యి మూసి, నేర్పినట్టే చెప్పించింది. నీళ్ళ మీదున్నోడి పేరు గోపినాథ్. ఆడి పేరు చెప్పి మన్ను మీద నానుంటాను. అంతే. ఆ గొంతు ఒక్కసారి కూడా పైకి లేవలేదు.

"ఆడికి చెప్పకూడదు. తెలుసు కదా" అంది గవరమ్మ.

"తెలుసు" అన్నాడు.

ఆ సాయంత్రం నాలుగింటికి గవరమ్మ నైలాను చొక్కా తొడుక్కుని, ఒక పక్క రాధిక, ఇంకో పక్క లహరి పట్టుకోగా, పూల్ మెట్లు దిగింది. ఆడవాళ్ళ బ్యాచ్ కాబట్టి కన్నారావు గేటు బయట బెంచీ మీద కూర్చున్నాడు. గేటు జాలీలోంచి లోతు తక్కువ వైపు కొంచెం కనబడుతుంది. మొదటి మెట్టు మీద ఆవిడ ఆగింది. రెండో మెట్టు మీద మోకాళ్ళు మునిగాయి. కన్నారావు తెలియకుండానే లేచి నిలబడ్డాడు. నడుము దాకా దిగాక ఆవిడ ఒక అడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది, పట్టుకున్న ఇద్దరి చేతులూ వదిలేసింది. వదిలేసి, బిత్తరపోయినట్టు చుట్టూ చూసి, "ఒలమ్మ, కాళ్ళు లేనట్టే ఉన్నాది" అంది. అని చిన్నపిల్లలా నీళ్ళ మీద అరచేత్తో కొట్టింది. రాధిక పకపకా నవ్వింది. అంత సంతోషం గవరమ్మ మొహంలో చూసి కన్నారావు గేటు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆయన సంతోషం అడుగున దిగులు కూడా ఉంది. ఇక సముద్రంలో తేలని తన ఒళ్ళు గుర్తొచ్చింది.

ఇరవై రోజుల తర్వాత గోపినాథ్ ఓడ వచ్చింది. ఇంట్లో ఎవరూ లేకపోయేసరికి, అది రాధిక ఈతకెళ్ళే వేళని తెలిసి, భుజాన సంచితో తిన్నగా పూల్ దగ్గరికే వచ్చేశాడు. జాలీలోంచి తల్లిని చూసి వాడు నమ్మలేకపోయాడు. గవరమ్మ అప్పటికి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తోంది.

"అరే, అమ్మేనా? నాన్నా, దేఖో, మన మెరకమ్మ" అని తండ్రిని ఊపేశాడు. "ఎలా దింపావు నాన్నా? కమాల్ చేశావు."

"తనే దిగింది" అన్నాడు కన్నారావు.

వాడు బెంచీ మీద కూలబడి, ఎండకు నల్లబడిన చేతులు చాపి, ఒళ్ళు విరుచుకున్నాడు. "రేపు పొద్దున్నే కోవ్‌కి పోదాం. ఈసారి సముద్రం చాలా తిప్పింది నాన్నా, కమోర్తా దగ్గర రెండు రోజులు పడుకోనివ్వలేదు. ఈదితే గానీ ఒళ్ళు తేలికపడదు. ఐదింటికి లేస్తావా? వల దాకా పందెం."

కన్నారావు జాలీ వైపు చూస్తూ ఉన్నాడు. చెప్పడానికి అబద్ధాలు చాలానే ఉన్నాయి. నడుము నొప్పి అనొచ్చు, డాక్టరు వద్దన్నాడనొచ్చు. అవి నాలుగు రోజులు పనిచేస్తాయి. ఎప్పటికీ పనిచేసే మాట ఒక్కటే ఉంది.

"నాను రాలేనురా" అన్నాడు. "మొన్న ఈ పూల్‌లో మునిగాను. అప్పట్నించీ నీళ్ళంటే భయమేస్తంది."

గోపినాథ్ నవ్వాడు. తండ్రి నవ్వలేదు. వాడి నవ్వు మెల్లగా ఆగిపోయింది. తండ్రి మొహాన్ని, తెల్లబడ్డ గడ్డాన్ని, మోకాళ్ళ మీద పెట్టుకున్న చేతుల్ని ఒక్కొక్కటిగా చూశాడు. వాడి కళ్ళలో జాలి కనబడింది. బతుకులో ఎవరినీ తన మీద జాలి పడనివ్వని మనిషి, కన్నారావు, దాన్ని తప్పించుకోకుండా అలాగే కూర్చున్నాడు.

"పర్లేదులే నాన్నా" అన్నాడు కొడుకు. ఆయన భుజం మీద చెయ్యి వేసి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు, "వయసయ్యాక అందరికీ వస్తుంది. నువ్వు ఒడ్డున కూచో, నేను ఈదొస్తా" అన్నాడు.

"అలాగేరా" అన్నాడు కన్నారావు.

లోపల గవరమ్మ గోడ దాకా వచ్చి తిరగబోతూ, గేటు దగ్గర కొడుకును చూసింది. వాడి చెయ్యి తండ్రి భుజం మీద ఉండటం చూసింది. ఏం మాట జరిగి ఉంటుందో ఆవిడకు ఒకరు చెప్పాలా? నడుము లోతు నీళ్ళలో అలాగే ఆగిపోయి, భర్త వంక చూసింది.

కన్నారావు నడువు, నడువు అన్నట్టు చెయ్యి ఊపాడు.